బండి ఎందుకు మరిగింది

(యూనియన్ ఆఫీసు ఆవరణలో జరిగిన సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



మన లూమ్ షెడ్డు ఫిట్టర్ కుర్రాళ్లు పాత జీపు చాసిస్ ఒకటి కొని, దాని మీద టెంపో డీజిల్ ఇంజను ఎక్కించి యూనియన్‌కు ఒక బండి కడతామని అడిగారు. కమిటీ ఒప్పుకుంది. పని మొదలయ్యే ముందు, 2004లో మనమే కట్టుకున్న మొదటి బండి సంగతి మీ అందరికీ చెప్పాలని మేమే సమయం అడిగాం. ఆనాటి వాళ్లు ఈ సభలో పదిమంది కూడా లేరు.

ఆ బండి కూడా ఇలాంటిదే. చాసిస్ ఒకదానిది, ఇంజను ఇంకొకదానిది, రేడియేటర్ మూడో బండిది. కట్టింది ఇరవై రెండేళ్ల ఫిట్టర్ కుర్రాడు. షోలాపూర్ వీధుల్లో గేటు మీటింగులకు మైకు పెట్టుకుని తిరిగితే ముల్లు సగం దాటేది కాదు. మేము గొప్పగా చెప్పుకున్నాం.

పనిలోంచి తీసేసిన పదకొండు మంది కేసు పుణె లేబర్ ఆఫీసులో విచారణకు వచ్చింది. తెల్లవారుజామున నాలుగు గంటలకు బయలుదేరాం. టెంభుర్ణి దాటాక ముల్లు ఎరుపులోకి పోయింది, మూత కింది నుంచి ఆవిరి. ఆపి, చల్లారనిచ్చి, నీళ్లు పోసి పది కిలోమీటర్లు పోతే మళ్లీ అదే. పుణె చేరేసరికి విచారణ అయిపోయింది. మన వాళ్లు హాజరు కాలేదని రాసి నాలుగు నెలల తర్వాతి తేదీ వేశారు.

తర్వాత జరిగినది చెప్పడానికి మాకు కొంచెం సిగ్గుగానే ఉంది. కమిటీలో ఒకరు బండిని తుక్కుకు అమ్మేద్దామన్నారు. ఇంకొకరు ఆ నష్టం కుర్రాడి దగ్గరే వసూలు చేద్దామన్నారు. మేము వద్దనలేదు. కుర్రాడు తల వంచుకుని నిలబడ్డాడు. ఏమైందో తెలియకుండానే ఎవరు చేశారో తేల్చేశాం. మగ్గం మీద పోగు తెగితే నేతగాడిని తిట్టే సూపర్‌వైజర్‌ను మనం ఎన్నిసార్లు నిలదీయలేదు? అదే పని మేము చేశాం.

ఈలోగా ఎవరికి తోచిన వైద్యం వాళ్లు చేశారు. థర్మోస్టాట్ పీకేశారు. పెద్ద ఫ్యాన్ పెట్టారు. టెంభుర్ణి దాకా పోతే మళ్లీ మరిగింది.

బాయిలర్ హౌసులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఉండేవారు. అందరం మామా అనేవాళ్లం. ఆయనను పిలిచాం. ఆయన బానెట్ ముట్టలేదు. కుర్రాడిని పక్కన కూర్చోబెట్టుకుని ఒకే మాట అడిగారు: "బిడ్డా, బండి ఊళ్లె కాగిందా, సడక్ మీద కాగిందా?"

"సడక్ మీదనే మామా. ఊళ్లె ఎన్నడూ కాగలె."

"అయితే ఫ్యాన్ జోలికి పోవద్దు."

ఎందుకన్నారో వినండి. ఊళ్లో మెల్లగా పోయేటప్పుడు ఎదురుగాలి ఉండదు, రేడియేటర్‌ను చల్లార్చేది ఫ్యాన్ ఒక్కటే. అక్కడ కాగితే ఫ్యాన్, బెల్టు, ఫ్యాన్ చుట్టూ ఉండాల్సిన రేకు తొడుగు, ఇవి చూడాలి. రోడ్డు మీద గాలి దండిగా ఉంటుంది, కానీ ఇంజను ఎక్కువ వేడి పుట్టిస్తుంది కాబట్టి నీళ్లు ఎక్కువగా తిరగాలి. అక్కడే కాగితే నీటి దారి చూడాలి.

ముందు ముల్లు నిజం చెబుతోందా అన్నారు. మీటరు ఒక బండిది, ఇంజనులో గుచ్చే సెన్సర్ ఇంకో బండిది అయితే అబద్ధం చెప్పగలదు. సెన్సర్ విప్పి, వైరు తగిలించే ఉంచి, మరిగే నీళ్ల గిన్నెలో ముంచి చూశాం. మనది నిజమే చెబుతోంది. తర్వాత రేడియేటర్ పైన బిందెడు నీళ్లు పోశాం, కింద ధారగా వచ్చాయి. లోపల సున్నం పట్టలేదన్నమాట. మన బోరు నీళ్లతో అది త్వరగా పడుతుంది, కొత్త బండికి శుద్ధ జలమూ కూలెంటూ కలిపి పోయండి. రేడియేటర్‌లో ఎడతెగకుండా బుడగలు వస్తున్నాయా, ఆయిల్ పాలలా మారిందా అని చూశాం. ఉంటే హెడ్ గాస్కెట్ పోయినట్టు. అవీ లేవు.

అప్పుడు మూత బిగించి, ఇంజను బాగా వేడెక్కే దాకా నడిపించి, కుర్రాడిని ఎక్సిలేటర్ తొక్కమన్నారు. మామ పక్కకు నిలబడి కింది హోస్ పైపు మీద టార్చి వేశారు. ఇంజను వేగం పెరగగానే ఆ పైపు మా కళ్ల ముందే చప్పగా అతుక్కుపోయింది. వేగం తగ్గించగానే మళ్లీ ఉబ్బింది. రేడియేటర్ నుంచి నీళ్లను వాటర్ పంపు పీల్చుకునేది ఆ పైపులోంచే. వేగం పెరిగిన కొద్దీ పీల్పు పెరుగుతుంది, వేడికి రబ్బరు మెత్తబడుతుంది. అందుకే చాలా బండ్లలో ఆ పైపు లోపల తీగ స్ప్రింగు ఉంటుంది. మా పైపులో లేదు. మూత స్ప్రింగు కూడా సడలింది. అది ఒత్తిడిని నిలిపి ఉంటే పైపు కొంత తట్టుకునేది. మంచి మూత ఒత్తిడి నిలబెడితే నీళ్లు 100 డిగ్రీల దగ్గర కాక 115 దాటాకే మరుగుతాయి.

"ఈ పైపు ఎందుకేసినవ్ బిడ్డా?" అని మామ అడిగారు. కుర్రాడు జవాబు చెప్పకుండా మా వైపు చూశాడు. అప్పుడు గుర్తొచ్చింది. అతను రాసిచ్చిన సామాను చిట్టీలో స్ప్రింగు ఉన్న కొత్త పైపు, కొత్త మూత రెండూ ఉన్నాయి. యూనియన్ లెక్కలు అప్పుడు మేమే చూసేవాళ్లం. పాతవి ఉన్నాయి కదా అని ఎర్ర సిరాతో కొట్టేసింది మేమే. ఆ చిట్టీ ఇంకా ఫైల్లో ఉంది.

అదే సభలో కుర్రాడికి క్షమాపణ చెప్పాం. కొత్త పైపు, కొత్త మూత వేసి, పీకేసిన థర్మోస్టాట్ తిరిగి పెట్టాం. అది లేకుంటే ఇంజను సరైన వేడికి రాక డీజిల్ ఎక్కువ తాగుతుంది. ఇంకో లోపం కూడా దొరికింది. రేడియేటర్ మూత ఇంజను హెడ్ కన్నా కిందికి ఉంది, హెడ్‌లో గాలి చిక్కుకుంటోంది. బండి ముక్కు ఎత్తు మీద నిలిపి నీళ్లు పోయడం అలవాటు చేశాం. నాలుగు నెలల తర్వాత పుణె దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. తొమ్మిది మందే వచ్చారు. ఇద్దరు అప్పటికే ఇల్లు గడవక భివండీ వెళ్లిపోయారు.

కాబట్టి కొత్త బండికి: నీళ్ల తొట్టి అన్నిటికన్నా ఎత్తులో పెట్టండి. వేడి మీద మూత తీయవద్దు, ముఖం కాలిన వాళ్లను చూశాం. తయారీదారు ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది, కనుక ఇంజను మార్చవచ్చో లేదో ముందే ఆర్.టి.ఓ.ను అడిగి, అనుమతి వస్తేనే మార్చి ఆర్.సి.లో ఎక్కించండి. సామాను చిట్టీలో ఏ వస్తువు కొట్టేయాలన్నా ఈసారి ఫిట్టర్‌ను అడిగి, అతని సంతకం తీసుకున్నాకే కోశాధికారి కొట్టేస్తారు. చిట్టీ శనివారం లోగా ఆఫీసులో ఇవ్వండి.