బొమ్మ నాడించువాని నాడించు వారెవరు?



సూత్రమనగా దారము. దానిని పట్టినవాడు సూత్రధారి. నాటకమును నడపువానికి మన పూర్వులు పెట్టిన పేరది. తోలుబొమ్మలాటలో బొమ్మ తెరమీద కనుపించును. ఆడించువాడు తెరవెనుక నుండును. బొమ్మను చూచి మనము నవ్వుదుము, కన్నీరు కార్తుము. ఆడించువాని యింట పొయ్యి రాజినదో లేదో అడుగము. ఆ సంగతి నడిగిన చలనచిత్ర మొకటి కలదు. దానిని గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను.

అది 1993లో తైవాన్ దేశమున హౌ షియావ్ షియెన్ తీసిన ‘ది పప్పెట్‌మాస్టర్’. ఆ యేటనే ఫ్రాన్సులోని కాన్ చలనచిత్రోత్సవమున జ్యూరీ బహుమానము పొందినది. లీ టియెన్ లూ అను బొమ్మలాటగాని నిజజీవితమే అందలి కథ. అచ్చటి బొమ్మ మన తోలుబొమ్మ వంటిది కాదు. సంచివంటి గుడ్డ అంగీకి తల నమర్చినది. చూపుడువ్రేలు తలలోను, తక్కిన వ్రేళ్లు చేతులలోను దూర్చి ఆడింతురు. చేయి తీసినచో అది వట్టి గుడ్డయే.

నటులు కథ నడపుచుండగా, నడుమ నడుమ ఆ వృద్ధుడే తెరపైకి వచ్చి, తాను పడిన పాట్లను నిబ్బరముగా చెప్పును. 1895 మొదలు 1945 వరకు తైవాన్ జపానువారి యేలుబడిలో నుండెను. 1937లో చైనాతో యుద్ధము రాగా, ఆరుబయలు ఆటలను ప్రభుత్వము నిషేధించెను. దేవుని యెదుట ఆడిన చేతులే, యుద్ధకాలమున జపాను సైనికుని శౌర్యమును పొగడు బొమ్మల నాడింపవలసి వచ్చెను. చేయి అతనిదే; ఆట మాత్రము అతనిది కాదు.

అతడు పరప్రభువునకు లొంగెనని కొందరనవచ్చును. ఇల్లు గడుపుకొనవలసినవానిని అంత తేలికగా తూచరాదని నా మనవి. దర్శకుడును తీర్పు చెప్పక, కెమేరాను దూరమున నిలిపి చూపి యూరకుండెను. అయినను ఒక్కటి గమనింపవలెను. ఆట ఎవరిదో తెలియవలెనన్న, దాని ఖర్చు ఎవరి పద్దున పడినదో చూడవలెను.

చిత్రాంతమున యుద్ధము ముగియును. జనులు కూలిన జపాను విమానములను ఊడదీసి, ఆ లోహము నమ్మిన సొమ్ముతో దేవునికి కృతజ్ఞతగా బొమ్మలాట పెట్టింతురు. ఏలినవారు పోయిరి, ఆట నిలిచినది. దానిని నిలిపినవారు ఊరివారు.

మన చెంత ధర్మవరము దాపున నిమ్మలకుంటలో తోలుబొమ్మల కళాకారులు కలరు. వారిలో దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటింపబడినది. ఊళ్లలో ఆటలు పెట్టించువారు తగ్గగా, అచ్చటి నేర్పరులు ఆ తోలుతోనే పట్టణపు ఇండ్లకు దీపపు గుమ్మటములు చేయుచున్నారు. అది వారి తప్పు కాదు; ఆట ఖర్చును మన పద్దునుండి కొట్టివేసినవారము మనమే.

ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు మీ చందాలతో నడచినది. చందా చిన్నదే కావచ్చును. కాని ఏ పుస్తకము కొనవలెనో మీరు కూర్చుండి నిర్ణయించుకొనుచున్నారు. ఆ హక్కును విడువకుడు. ఈ యేడు తోలుబొమ్మలాటవారిని కూడ పిలిపించి, ఒక రాత్రి ఆట ఆడింపుడు. దాని పద్దులో మొదటి చందా నాది.