అతివృష్టి - అనావృష్టి



మన పూర్వులు దేశమునకు గలుగు ఉపద్రవములను ఈతిబాధలని పేర్కొని యారుగా లెక్కించిరి. అతివృష్టి, అనావృష్టి, మిడుతలు, ఎలుకలు, చిలుకలు, పొరుగురాజుల దండు. చిన్ననాట వీనిని వల్లెవేయునపుడు మొదటి రెండును బద్ధవిరోధులనియు, ఒకటి యున్నచోట రెండవది నిలువదనియు మాకు తోచెడిది. చిలుకల బాధ యిప్పుడు లేదు, చిలుకలే కరవైనవి. కాని యా మొదటి రెండును ఒక్క యేటనే, ఒక్క సీమలోనే, ఒకదాని వెంట నొకటి వచ్చుటను మనము కన్నులార చూచితిమి.

అది 2009వ సంవత్సరము. ఆ యేట నైరృతి ఋతుపవనము దేశమంతటను మోసగించెను. 1972 తరువాత నంతటి లోటు లేదని వాతావరణ శాఖవారు లెక్కతేల్చిరి. మన మెట్టరైతు ఆకసము వంక చూచుచుండగనే శ్రావణ భాద్రపదములు గడచిపోయెను. సెప్టెంబరు కడపట బంగాళాఖాతమున నొక అల్పపీడనము పుట్టి, కర్ణాటక దేశముపైనను కర్నూలు సీమపైనను కుండపోతగా కురిసెను. అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర మంత్రాలయము వీధుల వెంట పారెను. రాఘవేంద్రస్వామివారు 1671లో ప్రవేశించిన బృందావనము గల మఠములోనికే నీరు చొచ్చెను. యాత్రికులు మేడలపై తలదాచుకొనిరి. కర్నూలు పట్టణము మునిగెను. దిగువను శ్రీశైలము జలాశయమునకు సెకనుకు సుమారు 25 లక్షల ఘనపుటడుగుల నీరు వచ్చిపడెను. వానకై మ్రొక్కిన పల్లెలే యిక చాలునని మ్రొక్కినవి.

దీనిని కలిప్రభావమని చెప్పి చేతులు ముడుచుకొనువారు గలరు. పురాణమును చదివినవాడనే గాని, ఆ సమాధానము నాకు రుచింపదు. కంటికెదుట కారణమున్నపుడు కలిపై నేరము మోపనేల? నూటయేబది యేండ్లకు పూర్వము గాలిలో పదిలక్షల పాళ్లకు సుమారు 280 పాళ్లుగా నుండిన బొగ్గుపులుసు వాయువు నేడు 420 దాటినది. మానవుడు నేలబొగ్గును చమురును కాల్చుటయే యిందుకు ముఖ్యకారణము. ఈ వాయువు భూమి వేడిమిని బయటికి పోనీయక కంబళివలె కప్పును. గాలి యొక్క డిగ్రీ వేడెక్కినచో అది మోయగల నీటియావిరి నూటికి ఏడుపాళ్లు హెచ్చును. ఇందే యున్నది కిటుకంతయు. వేడిగాలి మొదట నేలలోని తేమను త్వరగా పీల్చివేయును. అది యనావృష్టికి తోడు. పిదప, సముద్రముపై నింపుకొనిన యావిరిని ఒక్క పెట్టున దింపివేయును, అది యతివృష్టి. రెండు ఈతులకును తల్లి యొక్కతెయే. 2009 నాటి వరదకు ఇది యొక్కటే హేతువని నేననను. కాని యట్టి వానలకు బలము చేకూర్చునది యిదియే.

కరవు మనకు క్రొత్తదా యని మీరడుగవచ్చును. కాదు. 1876లో మొదలిడిన ధాత కరవు నాడు ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిది. ఆ కరవు కథలను మా పెద్దలు చెప్పగా వింటిమి. నాడు పొగగొట్టములు లేకయే వానలు తప్పినవి. అయినను, పాత రోగి యని క్రొత్త జ్వరమును లెక్కింపకుందుమా?

సముద్రము సంగతియు నిట్టిదే. 1900 నుండి దాని మట్టము సుమారు 20 సెంటీమీటర్లు పెరిగినది. కాకినాడ దాపున ఉప్పాడలో ఇండ్లును రోడ్డును కడలికోతకు గురియగుచున్నవి. మనకు సముద్రము వందల మైళ్ల దూరము. అది మన గడపకు రాదు. మేఘమై మాత్రము వచ్చును.

వచ్చిన నీటిని పట్టు పాత్ర యెట్లున్నది? హొసపేట కడ 1953లో పూర్తియైన తుంగభద్ర ఆనకట్టలో మొదట 133 శతకోటి ఘనపుటడుగుల నీరు పట్టునని లెక్క. నేడు పట్టునది సుమారు 105 మాత్రమే. తక్కినది పూడు. పైనాడుల చెట్లు పోయి, నేల కొట్టుకొనివచ్చి, జలాశయము కడుపున చేరినది. 2024 ఆగస్టులో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకొనిపోయినపుడు, దిగువ కాలువను నమ్ముకొన్న ఆదోని, ఎమ్మిగనూరు రైతులకు కొన్నాళ్లు నిద్రలేదు. వాన గుప్పున కురియు కాలము వచ్చినది; కుండ చూడబోయిన చిన్నదైనది.

ఈ రెంటి నడుమ నలిగినవాడు సుగ్గికి పోవును. కోసిగి, మంత్రాలయము, పెద్దకడుబూరు పల్లెలనుండి కుటుంబములు కుటుంబములే గుంటూరు సీమకు మిరపకాయలు కోయుటకు తరలుట మీరెరిగినదే. బిడ్డలును వెంట పోవుదురు. బడిలో బల్లలు ఖాళీపడును. హాజరు పట్టీలో నెలల తరబడి సున్నలే. తిరిగి వచ్చిన పిల్లవాడు గుణింతము మొదలుకొని దిద్దవలసి వచ్చుట నేను చాల యేండ్లు చూచితిని. వానియింట కారు లేదు, చలిగది లేదు. లోకమున బొగ్గు కాల్చిన పాపములో వాని పాలు ఆవగింజంత. శిక్ష మాత్రము వానికే ముందు పడినది. నాకు మింగుడుపడని దిదియే.

పెద్ద దేశములు చేయవలసినది పెద్దది. దానిని వారు చేయకున్న మన చేతలు చాలవు. ఓర్వకల్లు కడ 2017లో వేయి మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము వెలసినది. మన సీమ యెండకు అదియొక సద్వినియోగము. ఇక మన చేతిలో నున్నవి చెరువులు. ప్రతి గ్రామమునను పూడిన చెరువో కుంటయో కలదు. దాని పూడుమట్టి పొలమునకు ఎరువు. తీసినంత మేర వాననీటికి చోటు. కట్టపై తుమ్మను, కానుగను నిలుపుడు. వాలుకు అడ్డముగా గట్లు వేసిన చేనిలో తొలకరి నీరు నిలుచును, మన్ను జలాశయమునకు పోదు. ఉపాధి హామీ పనులలో దీనికి కూలి యిచ్చెదరు; గ్రామసభలో అడుగువారుండవలెను. వైశాఖ జ్యేష్ఠములలో చెరువు ఎండియుండును, సుగ్గికి పోయినవారు ఊరికి తిరిగివచ్చి యుందురు. ఆ పని మృగశిర కార్తెకు లోపుగా ముగియవలెను.