మారువేషంలో నిఘా – పౌర జీవితంపై దాని ప్రభావం



దొంగల ముఠాను పట్టుకోవడానికి పోలీసులు మారువేషంలో వెళ్తే మనమెవరం తప్పుపట్టం. అయితే అదే పోలీసు, ఏ నేరమూ చేయని పౌరుల సంఘంలోకి మారుపేరుతో ప్రవేశించి, ఏళ్ల తరబడి వాళ్లకు స్నేహితుడిగా నటిస్తే ఏమవుతుంది? ఈనాటి ప్రసంగంలో ఈ ప్రశ్నను పరిశీలిద్దాం. ఇందుకు బ్రిటన్ అనుభవాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

1968 మార్చిలో లండన్‌లోని అమెరికా రాయబార కార్యాలయం దగ్గర వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా పెద్ద ప్రదర్శన జరిగింది. పోలీసులకు, ప్రదర్శకులకు మధ్య ఘర్షణ జరిగింది. ఆ ఏడాదే లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు ఒక రహస్య దళాన్ని ఏర్పాటు చేశారు. స్పెషల్ డిమాన్‌స్ట్రేషన్ స్క్వాడ్ అనే పేరుతో ప్రసిద్ధమైన ఈ దళం 2008 వరకు, అంటే 40 ఏళ్లపాటు పనిచేసింది.

మఫ్టీలో వచ్చిన పోలీసు సభ ముగియగానే స్టేషనుకు వెళ్లిపోతాడు. ఈ దళంలోనివారు అలా కాదు. జుట్టూ గడ్డమూ పెంచుకుని, వేరే పేరుతో ఇల్లు అద్దెకు తీసుకుని, ఉద్యమకారుల మధ్యనే సంవత్సరాల తరబడి గడిపేవారు. వీరిలో పలువురు, చిన్నతనంలోనే చనిపోయిన పిల్లల పేర్లను, పుట్టిన తేదీలను తమవిగా వాడుకున్నారు. ఆ పిల్లల తల్లిదండ్రులకు మాటమాత్రమైనా చెప్పలేదు. యుద్ధ వ్యతిరేకులు, జాతి వివక్షను ఎదిరించేవారు, స్త్రీవాదులు, జంతు సంరక్షణ కార్యకర్తలు, పర్యావరణవాదులు – ఇలా వెయ్యికి పైగా సంఘాలు ఈ నిఘాలోకి వచ్చాయి.

ఇప్పుడు దీని ప్రభావాన్ని మూడు కోణాల నుంచి చూద్దాం.

మొదటిది వ్యక్తిగత జీవితం. కొందరు అధికారులు తాము పోలీసులమన్న సంగతి దాచి, ఉద్యమాల్లోని స్త్రీలతో ఏళ్ల తరబడి కాపురం చేశారు. ఒక అధికారి బిడ్డకు తండ్రి కూడా అయ్యాడు. తర్వాత కనిపించకుండా పోయాడు. ఆ తల్లికి పోలీసు శాఖ 2014లో 4,25,000 పౌండ్ల పరిహారం చెల్లించింది. 2015 నవంబరులో మరో ఏడుగురు స్త్రీలకు బహిరంగంగా క్షమాపణ చెప్పింది. కానీ ఆలోచించండి. తోడుగా ఉన్న మనిషి పేరే అబద్ధమని తెలిశాక, గడిచిన జీవితంలో ఏది నిజం, ఏది నటన అని ఎలా తేల్చుకోవాలి? ఇంకెవరినైనా ఎలా నమ్మాలి? ఆ గాయానికి డబ్బు మందు కాదు.

రెండవది న్యాయం. 1993 ఏప్రిల్ 22న స్టీఫెన్ లారెన్స్ అనే 18 ఏళ్ల నల్లజాతి విద్యార్థిని లండన్‌లో జాతి విద్వేషంతో హత్య చేశారు. హంతకులను పట్టుకోవలసిన పోలీసు శాఖే, న్యాయం కోసం పోరాడుతున్న ఆ కుటుంబం చుట్టూ జరిగే విషయాలను రహస్యంగా సేకరించినట్లు 2014లో నిర్ధారణ అయింది. మరొక ఉదాహరణ చూడండి. నాటింగ్‌హామ్ దగ్గరి విద్యుత్ కేంద్రం వద్ద నిరసనకు సిద్ధమైన 20 మందికి పడిన శిక్షలను 2011లో అప్పీలు కోర్టు రద్దు చేసింది. మారువేషంలో ఉన్న మార్క్ కెన్నడీ అనే పోలీసు చేసిన రికార్డింగులను నిందితులకు ఇవ్వకపోవడమే కారణం.

మూడవది సంఘ జీవితం. మనలో ఒకడు పోలీసు మనిషి అన్న అనుమానం పుడితే చాలు, సభ్యులు ఒకరినొకరు శంకించుకుంటారు. కొత్తవారు దగ్గరకు రారు. లాఠీ ఎత్తకుండానే సంఘం విచ్ఛిన్నమవుతుంది.

బ్రిటన్ ప్రభుత్వం 2015లో దీనిపై విచారణ సంఘాన్ని నియమించింది. ఈ దళం తొలి సంవత్సరాల పనిని పరిశీలించిన ఆ సంఘం, ఇలాంటి పద్ధతులు సమర్థనీయం కావని, ప్రజలకు తెలిసి ఉంటే దళాన్ని ఆనాడే మూసివేయవలసి వచ్చేదని 2023 జూన్‌లో నివేదించింది.

మన దేశంలో ఈ ప్రశ్నను ముందుగా గుర్తించినవారిలో ఒక తెలుగు న్యాయమూర్తి ఉన్నారు. ఆయన జస్టిస్ కోకా సుబ్బారావు. సాక్ష్యం లేక విడుదలైన ఖరక్ సింగ్ అనే వ్యక్తిపై ఉత్తరప్రదేశ్ పోలీసులు నిఘా పెట్టి, అర్ధరాత్రి తలుపు తట్టేవారు. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి తనిఖీలను కొట్టివేసింది గాని, తక్కిన నిఘాను ఆపలేదు. సుబ్బారావు గారు దానితో విభేదించారు. కాళ్లకు సంకెళ్లు లేకపోయినా, వెనుక ఎవరో గమనిస్తున్నారన్న భయం మనసుకు సంకెళ్లు వేస్తుందని ఆయన వాదన సారాంశం. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని ప్రకటించి, ఆయన మార్గాన్నే బలపరచింది.

అంటే పోలీసులు నిఘా పెట్టనేకూడదా అని మీరు అడగవచ్చు. పెట్టవచ్చు. కానీ నేరంపై తగిన అనుమానం ఉండాలి. చట్టం అనుమతించాలి. కాలపరిమితి ఉండాలి. ఆ శాఖకు చెందనివారు దానిని సమీక్షించాలి. ఈ నాలుగూ లేని నిఘా రక్షణ కాదు.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు పోలీసు అధికారులు కావచ్చు, కొందరు న్యాయవాదులు కావచ్చు, మరికొందరు ఊరి సమస్యపై జెండా పట్టవచ్చు. ఎవరైనా సరే, ఎదుటి పౌరుణ్ణి ముందుగా పౌరుడిగానే చూడగలమా అన్న ప్రశ్నను మీ తరగతిలో చర్చించండి.