కరెంటు, నీళ్లు అద్దెలోనే



మన బిడ్డలు పలువురు హైదరాబాదున కొలువులు చేయుచున్నారు. ఇల్లు కుదుర్చుటకు వారివెంట మనమును పోవుదుము. అచ్చట కొన్ని గుమ్మములకు వ్రేలాడు పలకలపై "కరెంటు, నీళ్లు అద్దెలోనే" అని వ్రాసియుండును. ఆ మాటకు సంతసించినవారిలో నేనొకడను.

2018 దసరాకు మా చిన్నవానికి అంబర్‌పేటలో మేడమీద రెండు గదులు కుదిర్చితిని. నెలకు 9,000 రూపాయలు. వేరు బిల్లు లేదు. కాగితము వ్రాసికొందమనగా యజమాని "మాష్టారూ, మన మధ్య కాగిత మెందుకండీ?" అనెను. నోటిమాట నీటిమీది వ్రాత యని ముప్పదియేండ్లు పిల్లలకు బోధించిన నేను సరే యంటిని!

వేసవిలో మా ఇల్లాలికి కంటి శుక్లము తీయించితిమి. కంటిలో చెమట పడరాదని వైద్యుడు చెప్పుటచే రేయింబవళ్లు పంకా త్రిప్పితిమి. మూడవనాటి రాత్రి పదిగంటలకు పంకా ఆగెను. వీధిదీపములు వెలుగుచునే యున్నవి, క్రింది యింటను వెలుతురున్నది. యజమాని మా గదుల మీట దింపెనని గ్రహించితిమి. పిలిచినను తలుపు తీయలేదు. ఆమె కంటికి కట్టుతో కూర్చుండగా తెల్లవారువరకు విసనకఱ్ఱతో విసరితిని.

ఉదయమున ఆయన యరుగుమీదనే సుద్దముక్కతో లెక్కవేసి చూపితిని. వేయి వాట్ల పరికరము గంటసేపు పనిచేసిన నొక యూనిటు. డెబ్బదియైదు వాట్ల పంకా పదిగంటలు తిరిగిన ముప్పాతిక యూనిటే. రెండువేల వాట్ల గీజరు అరగంటలో నొక యూనిటు త్రాగును. మీ గీజరు అరగంట త్రాగునంత మా పంకా పదమూడు గంటలు తిరిగినను త్రాగదంటిని.

ఆయన కోపగింపక తన బిల్లు తెచ్చి నాముందు పెట్టెను. రెండిండ్లకు మీటరొకటే. యూనిట్లు పెరిగినకొలది యూనిటు ధరయు మెట్లుమెట్లుగ పెరుగును. మా వాడకము ఆయన వాడకముపై జేరి పైమెట్టు ధర పడుచున్నది, వచ్చు అద్దె మాత్రము పెరుగదు. మీట దింపుట తప్పే, అందు సందేహము లేదు. కాని మా పంకా చప్పుడు ఆయనకు రూపాయలు జారు చప్పుడుగా వినబడుచుండెనని నాకప్పుడే తెలిసెను.

లోపల చిన్న మీటరు బిగింతునని ఆయన తొలుత ననెను. అది మన యూనిట్లను లెక్కించునే కాని బిల్లు మరల నొకటిగనే వచ్చును, పైమెట్టు తప్పదు. అందుచే అద్దె 800 తగ్గింపించి విద్యుత్తు సంస్థ మీటరునే మా గదులకు వేరుగ పెట్టించితిమి. 2024లో తెలంగాణ ప్రభుత్వము అర్హులగు గృహస్థులకు నెలకు 200 యూనిట్లవరకు సున్న బిల్లు నిచ్చుట ప్రారంభించినపుడు, వేరు మీటరు విలువ అద్దెయిండ్లవారికి మఱింత తెలిసినది.

కాగితము సంగతి యొకటి. పదునొకండు నెలలకే వ్రాయుట వాడుక. ఏడాదికి మించిన అద్దె పత్రమును రిజిస్టరు చేయింపవలెనని 1908 నాటి చట్టము చెప్పుటయే దీనికి కారణము. అద్దె మొత్తము వ్రాసి ఊరకుండకుడు. నీరే గంటలకు వదలుదురో, ఎండకాలమున టాంకరు నీటి పైకమెవరిదో, గీజరు పెట్టుకొనవచ్చునో లేదో వ్రాయింపుడు. అడుగుటకు మొగమాటపడువారు నావలె విసనకఱ్ఱ పట్టవలసి వచ్చును.

మా ఇల్లాలి చూపు ఇప్పుడు బాగుగనున్నది, సూదిలో దారము తానే యెక్కించుకొనును. పట్టణమునకు బయలుదేరునపుడు మాత్రము ఆ విసనకఱ్ఱను సంచిలో వేసికొనక గడప దాటదు.