ఆంగ్ల జాతీయములు – మన బిడ్డల చదువు



2022-23 విద్యాసంవత్సరమునుండి మన రాష్ట్ర ప్రభుత్వపాఠశాలలలో 1వ తరగతి మొదలు 8వ తరగతి వరకు ఆంగ్లమాధ్యమము ప్రవేశపెట్టబడినది. కథలాపూరు, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములనుండి గల్ఫుదేశములకు పనికై పోవువారు పెక్కురు. కావున ఆంగ్లము మనకు బ్రతుకుతెరువుతో ముడివడిన విషయము. మన బిడ్డలు పదములు నేర్చుచున్నారు, వ్యాకరణము నేర్చుచున్నారు. ఐనను జాతీయము వినబడినంతనే తెల్లబోవుచున్నారు.

విడివిడి పదముల అర్థములను కూర్చినను దొరకని భావము గల పలుకుబడియే జాతీయము. “వాడు నీళ్ళు నములుచున్నాడు” అనిన మనము నీటికొఱకు వెదకము. అట్లే పరదేశపు దుస్తుల కార్ఖానాలో పైయధికారి “డోంట్ కట్ కార్నర్స్” అనిన, గుడ్డ మూలలు కత్తిరింపవలదని కాదు; శ్రమ తప్పించుకొనుటకై పనిలో కొఱత చేయవలదని. ఇది తెలియని కార్మికుడు తల యూచి, మరల అట్లే చేసి, మాటపడును. లోపము చేతిది కాదు, చెవిది.

నేత కులవృత్తిగా గల మనకు ఇందొక సౌలభ్యము గలదు. ఆంగ్లజాతీయములు కొన్ని బట్టపనినుండియే పుట్టినవి. ఇంగ్లండులో తడిసిన ఉన్నివస్త్రము ముడుచుకొనకుండ కొయ్యచట్రమునకు కొక్కెములతో బిగించి ఆరవేయుచుండెడివారు. ఆ కొక్కెములే “టెంటర్ హుక్స్”. “ఆన్ టెంటర్ హుక్స్” అనగా ఏమగునో యని మనసు అట్లు బిగిసియుండుట. వడకుటకు మునుపే ఉన్నికి వేసిన రంగు లోనికింకును. కావున “డైడ్ ఇన్ ది వూల్” అనిన తన పట్టు విడువనివాడు. “వార్ప్ అండ్ వూఫ్” మన పడుగు పేకలే. ఒక విషయమునకు మూలమైన అల్లిక యని భావము. పని తెలిసినవానికి పలుకు తెలియుట సులభము.

జాతీయమును ముక్కలు చేసి అనువదింపరాదు. నిండువాక్యముగా వ్రాసికొని, ఎవరు ఎవరితో ఏ సందర్భమున అనిరో ప్రక్కన గుర్తింపవలెను. విని గ్రహించుట ముందు, పలుకుట పిదప. అర్జీలలో వానిని వాడకుండుటయే మేలు. తెలియనపుడు అర్థమడుగుట అవమానము కాదు.

దాతలకు నా మనవి యొకటి. ఊరూర మన విద్యార్థులకొక జాతీయనిఘంటువును, వారమునకొక గంట బోధించు గురువును ఏర్పఱుపుడు. పరదేశియగు సి. పి. బ్రౌను మన భాష నేర్చి 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. ఆయన మన నుడికారమును నేర్వగలిగినపుడు, మన బిడ్డలు ఆయన నుడికారమును నేర్వలేరా? తప్పక నేర్తురని విన్నవించుచు విరమించుచున్నాను.