రోగమునకు మూలమెక్కడ?

(సంగారెడ్డి సభయందు ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



ఒక మనుజుడు రోగియైనపుడు ఏ మందు ఇయ్యవలెనని వైద్యుడు ఆలోచించును. ఒక తెగ యంతయు తరతరములుగా రోగపీడితమైనపుడు ఆ ప్రశ్న చాలదు. వారు త్రావు నీరెట్టిది, దున్ను నేల యెవరిది, కూలి యెంత, బిడ్డల చదువేపాటిది అని యడుగవలసియుండును. ఇవి వైద్యమునకు వెలుపలి విషయములని తలచువారు కలరు. రోగమునకు తల్లివేరు అచటనే కలదని మేము మనవిచేయుచున్నాము.

ఇది క్రొత్తమాట కాదు. 1848లో ఎగువ సైలీషియా ప్రాంతమున విషజ్వరము ప్రబలగా, ప్రష్యా ప్రభుత్వము విర్కో అను యువవైద్యుని విచారణకు పంపెను. అచటి పోలిష్ భాషీయులగు బీదలకు కావలసినది విద్య, స్వాతంత్ర్యము, కడుపునిండ తిండి అని ఆయన నిర్భయముగా నివేదించెను. 2008లో ప్రపంచ ఆరోగ్యసంస్థవారి సంఘమును అదే నిర్ణయమునకు వచ్చెను.

మన దేశపు లెక్కను చూడుడు. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి, పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో అయిదేండ్లు నిండకమునుపే మరణించువారు దేశపు సరాసరిని 41.9, షెడ్యూల్డు తెగలలో 50.3. ఈ యెక్కువ మరణములు ఏ దైవశాపమువలన కలుగుచున్నవి?

ఇక మన జిల్లా సంగతి. నారాయణఖేడ్, జహీరాబాదు ప్రాంతముల తండాలలోని లంబాడీలు 1976 నాటి చట్టముచే షెడ్యూల్డు తెగలలో చేర్చబడిరి. జాబితాకెక్కుట యొకటి, బ్రతుకు బాగుపడుట వేరొకటి. వానను నమ్ముకొన్న మెట్టనేల యేడాది పొడుగున తిండి పెట్టనందున, అనేక కుటుంబములు చెఱకు నరకుటకై నెలలతరబడి వలసపోవుచున్నవి. వలసపోయిన గర్భిణికి అంగన్‌వాడీ గ్రుడ్డు అందదు. బిడ్డకు టీకా తేది తప్పును, బడి తప్పును. ఉద్యమసేవకులముగా తండాలు తిరిగిన మాకు తోచినది ఇది: ఆసుపత్రి యెంత చేరువనున్నను, ఆకలి వారిని దానికి దూరముగా తరుముచున్నది.

వలసపోవువారికి మరియొక దారి పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారము కర్మాగారములకు పోవును. అచట కూలి దొరకును. నీటి సంగతి యేమి? నక్కవాగున పారిన వ్యర్థజలము దాని యొడ్డునగల పల్లెల బావులను, పొలములను చెఱచెను. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రచురించిన పరిశోధన జ్ఞప్తికి తెచ్చుకొనుడు. దాదాపు 90 ఔషధ కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడిన నీట, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు కనబడెను. మందు మ్రింగిన రోగి రక్తములో ఉండు మోతాదు కంటె అది హెచ్చు. లోకమునకు మందు పంపు ఊరి నీట మందే విషమైనది.

పటాన్‌చెరులో వైద్యము చేయుచు, రోగులకు చీటి వ్రాయుటతో తృప్తిపడక కాలుష్యముపై దశాబ్దములు పోరాడిన డాక్టరు అల్లాని కిషన్‌రావుగారిని ఈ సందర్భమున స్మరింపకుండలేము. 1990లో సుప్రీంకోర్టుకెక్కిన వ్యాజ్యము 2001లో హైకోర్టునకు, పిమ్మట హరిత ట్రిబ్యునలునకు మారి, 2017లో గాని ముగియలేదు. 27 ఏండ్లు! బావి చెడుటకు ఒక్క వర్షాకాలము చాలును. న్యాయవాదులమగు మేమే చెప్పుచున్నాము: కోర్టును మాత్రమే నమ్ముకొన్నవాని బిడ్డ తీర్పు వచ్చులోపల పెద్దవాడగును, లేదా పోవును.

కర్మాగారములు మూసినచో కూలి యెక్కడిదని కొందఱడుగుదురు. మూయుమని మేము కోరుట లేదు. కూలితోపాటు రోగమును కొనుక్కొమ్మనుట న్యాయము కాదనుచున్నాము. తండావారి అజ్ఞానమే, మద్యమే రోగకారణమని మరికొందఱందురు. మంచినీరు లేనివానికి శుభ్రతను, భూమి లేనివానికి పుష్టిని బోధించుట సులభము. ఫలము మాత్రము శూన్యము.

మార్గము లేకపోలేదు. జహీరాబాదు చేరువ పస్తాపూరు కేంద్రముగా 1983లో వెలసిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలో దళితస్త్రీలు పడావు భూములను సాగుచేసి, జొన్న, కొఱ్ఱ పండించి, విత్తనములను తామే దాచుకొని, ఊరి గింజను ఊరి బీదలకే పంచిరి. 2019లో వారికి ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమానము లభించెను. పటాన్‌చెరునందలి ఇక్రిశాట్ సంస్థ, గిరిజన సంక్షేమశాఖతో కూడి, గిరిపోషణ అను పేర ఉట్నూరు, భద్రాచలము, ఏటూరునాగారము ప్రాంతముల ఆదివాసీ బిడ్డలకు జొన్న, పప్పుధాన్యముల ఆహారము నందించెను. ఆ పదార్థములను చేయు శాలలను ఆదివాసీ స్త్రీలచేతనే నడిపించెను.

2018 పంచాయతీరాజ్ చట్టముచే తండాలనేకము ప్రత్యేక పంచాయతీలైనవి. ఈ యధికారము అలంకారమునకా? ప్రతి గ్రామసభయందును నాలుగు ప్రశ్నలు వేయుడు. మన నీటిని పరీక్షించి ఫలితమును గోడపై వ్రాసిరా? వలసపోయినవారికి పోయినచోట రేషను, బడి, టీకా అందుచున్నవా? కర్మాగారమున గుత్తేదారు క్రింద పనిచేయువారికి ఈఎస్‌ఐ చీటి కలదా? భూమి పట్టా ఇంటి యిల్లాలి పేరనున్నదా? ఉత్తరములను వ్రాతమూలకముగా కోరుడు. ఉత్తరము రానిచో మరుసటి సభలో మరల అడుగుడు. చదువుకొన్నవారు ఆ వినతులను వ్రాసిపెట్టుటకు ఆదివారము ఒకపూట ఇయ్యలేరా?

ఆసుపత్రులను తప్పక కోరుదము. అంతకుముందు, ఆసుపత్రికి పోవలసిన యవసరము తగ్గునట్టి బ్రతుకును కోరుదము. అది భిక్ష కాదు. తండాలోని బిడ్డకు పట్టణపు బిడ్డతో సమానముగా గల హక్కు.