పోయివచ్చెదము

నేడు పట్టములందుకొనుచున్న మీకు ఒక మాట చెప్పవచ్చితిని. 

గాంధీజీ శతజయంతి సంవత్సరమైన 1969లో జాతీయ సేవా పథకము 37 విశ్వవిద్యాలయములలో మొదలయినది. తరువాత కొన్నేండ్లకు, రసాయనశాస్త్ర విద్యార్థినైన నేను ఆ పథకము క్రింద పదిదినముల శిబిరమునకు నల్లగొండ జిల్లా మర్రిగూడ ప్రాంతమందలి ఒక పల్లెకు పోయితిని. పగలు బాటకు మట్టి మోసి, రాత్రులు పిల్లలకు చదువు చెప్పుచుండగా, పలకల మీది అక్షరములకంటె వారి పండ్ల మీది గోధుమరంగు చారలే నా కంటబడినవి. పెద్దలలో కొందరు మెడ త్రిప్పలేక, పిలిచినవానివంక చూడవలెనన్న ఒళ్ళంతయు త్రిప్పుచుండిరి. ఆ నేలలోని రాళ్ళనుండి ఫ్లోరైడు ఊటనీటిలో కరగి, ఏండ్లతరబడి త్రాగినవారి ఎముకలలో చేరుననియు, ఈ వ్యాధిని గూర్చి 1937లోనే నాటి నెల్లూరు జిల్లాను చూచిన వైద్యులు వ్రాసిరనియు మా ఆచార్యులు చెప్పగా, ఊరిలోని తొమ్మిది బోరింగుల నీటిని సీసాలలో పట్టి తెచ్చి పరీక్షించితిమి. జిర్కోనియం, అలిజరిన్ కలిపిన ద్రావణము ఎర్రగా నుండును. ఫ్లోరైడు ఎంత ఎక్కువైన ఆ ఎరుపు అంతగా వెలిసి పసుపునకు దిగును. కొన్ని సీసాలలో ఎరుపు మచ్చుకైనను మిగులలేదు. అంకెలన్నియు నోటుపుస్తకమున కెక్కించితిని, సదస్సులో వ్యాసము చదివి బహుమతి పొందితిని, ఊరిని మరచితిని.

మరుసటి యేడు వేరు పనిమీద ఆ దారిన పోవుచుండగా, బోరింగువద్ద బిందె పెట్టుకొనియున్న ఒక అవ్వ నన్ను గుర్తుపట్టి, వంగిన నడుము వంగినట్లుండగనే ఒళ్ళంతయు నావైపు త్రిప్పి, "బిడ్డా, పోయినేడు మా నీళ్ళు సీసాలల్ల పట్టుకపోతిరి గద, ఏం తేలింది?" అని అడిగెను. ఆ గొంతులో నిష్ఠూరము లేదు. తెలిసికొనవలెనన్న ఆశ మాత్రమే కలదు. ముక్కుమొగము తెలియనివారు విని చప్పట్లు కొట్టిన సంగతిని, ఆ నీరే త్రాగుచున్న ఆమెకు ఏడాదిపాటు నేను చెప్పలేదు. నా చదువునకు నిజమైన పరీక్ష ఆనాడు జరిగినది, నేను తప్పితిని.

నేనప్పుడు విద్యార్థిసంఘ కార్యదర్శిని. నెల తిరుగక మునుపే ఎనిమిదిమందిమి ఆ నోటుపుస్తకముతో తిరిగి వెళ్ళి, త్రాగదగిన బోరింగులకు ఆకుపచ్చ, తగనివానికి ఎరుపు రంగు పూసితిమి. అన్నిటికంటె చెరువు క్రింది మోటబావి నీరు మేలని తేలినది; కాని అది ఒక రైతు సొత్తు. ఆయన ఒప్పుకొనువరకు రచ్చకట్టమీద మూడు సాయంకాలములు కూర్చుంటిమి. మూడవనాడు మేము నోరు మెదపలేదు. ఊరివారే మాటలాడుకొనిరి, బావి తెరిచిరి. ఎన్నికలో గెలిచిననాడు నాకు తెలియని నాయకత్వము ఆ రచ్చకట్టమీద తెలిసినది.

పటిక, సున్నము, బ్లీచింగుపొడి కలిపి, మడ్డి దిగిన పిమ్మట పైనీటిని తేర్చుకొను విధానమునకు ఆ జిల్లా పేరనే నల్లగొండ పద్ధతియని పేరు. దానిని బిందెలలో చేసి చూపగా, "పటిక ఎంతెయ్యాలె?" అని ఇల్లాండ్రు అడిగిరి. నీటినిబట్టి ఆ కొలత మారును. దానిని వారి చేతికి సులువుగా అందించుట ఎట్లన్న ప్రశ్నయే తరువాత నా పరిశోధనావిషయమైనది. ఆ పరిశోధనయే నా జీవనోపాధియైనది. నన్ను ఉద్యోగమునకు పరీక్షించినవారు మార్కుల పట్టికకంటె ఆ మాసిన నోటుపుస్తకమునే ఎక్కువసేపు చూచిరి. సేవ, నాయకత్వము, పరిశోధన అని మీరు దరఖాస్తులలో మూడు గళ్ళలో వ్రాయునవి నాకు ఒక్క ఊరిలో, ఒక్క ప్రశ్నలో లభించినవి.

కనుకనే మీలో కొందరిని చూచినచో కోపము వచ్చును, దాచనేల? మొక్క నాటుచు ఫొటో తీయించుకొందురు. దానికి రెండవ చెంబు నీరు పోయువాడు కనబడడు. పల్లెకు పోయి నూరు ప్రశ్నలడిగి, కాగితములు నింపుకొని, సర్టిఫికెట్టు చేతబడగానే ఆ బాట మరతురు. నాయనలారా, తల్లులారా, మీకు జవాబులిచ్చినవారు పొలము పని మానుకొని ఇచ్చిరి. అది మీరు వారికి పడిన బాకీ. తెలిసినది వారి భాషలో వారికి చెప్పనంతవరకు మీ పరిశోధన ముగియలేదు. మీ పట్టమునకు అర్థము పూర్తికాలేదు.

గడప దాటుచు "పోతాను" అన్న బిడ్డను మన ఇండ్లలో పెద్దలు మందలింతురు, "పోయివస్తాను" అనుమందురు. ఆ రెండవ మాట మరువకుడు. మీరు ఎంత దూరమైనను పోవుడు. మీకు నీటిసీసా అందించిన ఊరికి మాత్రము జవాబు పట్టుకొని మరల రండు. ఆ అవ్వ బోరింగువద్ద నిలిచియే యున్నది.